చిలక చీటీకి టీకా తాత్పర్యం

అవతారిక: మెదక్ పట్టణంలో ఒకానొక బొమ్మలాయన టారో కార్డులు 78నీ అతి తక్కువ గీతలతో వేయబూని, మొదటి కార్డు దగ్గరే మూడు రబ్బర్లు అరగదీసి, తనకు తాను చెప్పుకున్న హితవు ఈ పద్యం. టీకాకారుడూ ఆయనే, శిష్యులు దొరకలేదు.

మూలం (ఆటవెలది):

మెతుకు పట్ట చాలు మెతుకుసీమను వంట
గీత యొకటి చాలు గీయ బొమ్మ
చిలక ముక్కు దీయు చీటిపై రంగేల
కడుపు నిండుననుట కల్ల సుమ్ము

ప్రతిపదార్థం: మెతుకుసీమను = మెదక్ సీమలో; వంట = అన్నము ఉడికినదో లేదో (తెలియుటకు అని అధ్యాహారం; పాదంలో చోటు చాలలేదు, ఇదీ మినిమలిజమే); మెతుకు పట్ట చాలు = ఒక్క మెతుకు నొక్కి చూచిన సరిపోవును; బొమ్మ గీయ = బొమ్మ వేయుటకు; గీత యొకటి చాలు = రెండవది అక్కరలేదు; చిలక ముక్కు దీయు = చిలక ముక్కుతో లాగెడి; చీటిపై = జోస్యపు కార్డు మీద; రంగు ఏల = రంగులెందుకు? (చిలక చూచునది గింజనే గాని రంగును గాదు); కడుపు నిండుననుట = (అయినను) పొట్ట నిండుననుమాట; కల్ల సుమ్ము = అబద్ధమే.

తాత్పర్యం: చూడడానికి కొంచెం చాలు, బతకడానికి చాలదు.

శంక: ఇంత తక్కువ గీతలతో జోస్యం పలుకుతుందా?
సమాధానం: టారో 15వ శతాబ్దపు ఇటలీలో పుట్టిన పేకాట. జోస్యం దానికి 18వ శతాబ్దంలో తగులుకుంది. 22 పెద్ద కార్డులు పోగా మిగిలినవి 56. వాటిలోని అంకెల కార్డుల మీద పాత మార్సెయ్ పేకలో కత్తులూ గిన్నెలూ లెక్కకు ఉండేవి, అంతే. వాటి మీదికి మనుషుల్నీ కథల్నీ తెచ్చింది చిత్రకారిణి పమేలా కోల్మన్ స్మిత్, 1909లో, మర్మవిద్యల రచయిత ఆర్థర్ వెయిట్ కోరగా. కనుక మినిమలిజం కొత్త మోజు కాదు, పాత పొదుపు.

శంక: గీత తగ్గితే అర్థం తగ్గదా?
సమాధానం: తగ్గదు, ఊరు మారుతుంది. 16వ కార్డు బురుజు: పిడుగు పడుతుంది, మనుషులు రాలిపోతారు, కీడుకు గుర్తు. పిడుగునూ మనుషుల్నీ చెరిపి, ఒట్టి బురుజు మిగిల్చి మెదక్‌లో చూపండి, చర్చి అంటారు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది; గోపురం 175 అడుగులు. కరువులో పోస్నెట్ అనే మిషనరీ దొర జనానికి పనిచ్చి బువ్వ పెట్టి కట్టించాడని చెప్పుకుంటారు. అలా కీడు కార్డు బువ్వ కార్డయింది. మనం గీయనిది చూసేవాడు తన ఊరి నుంచి తెచ్చుకుంటాడు.

శంక: నాలుగో పాదంలో కడుపు ఎవరిది?
సమాధానం: చిలకదని కొందరు, దానికి గింజ ముట్టింది గనుక పొసగదు. జోస్యం చెప్పించుకున్నవాడిదని మరికొందరు. వాడు ఇంట్లో తినే వచ్చాడు. బొమ్మలు వేసినవారిదని సిద్ధాంతం. పమేలాయే ప్రమాణం: పని కొండంత, ముట్టిన డబ్బు చాలా తక్కువ అని ఆమే ఒక ఉత్తరంలో రాసుకుంది. ఆ పేక ప్రచురణకర్త పేరుతో, వెయిట్ పేరుతో ప్రసిద్ధికెక్కింది. ఆమె 1951లో పేదరికంలోనే కన్నుమూసింది.

అలంకారం: మొదటి రెండు పాదాల్లో దృష్టాంతం. చివరి పాదంలో ఉన్నది ఉన్నట్టు చెప్పడం వల్ల స్వభావోక్తి.

ఫలశ్రుతి: బొమ్మలు వేయించుకునేవారు గీతలు లెక్కపెట్టి డబ్బు కోయకండి. పట్టి చూసింది ఒక్క మెతుకే అయినా, ఎసట్లో పోసింది గిన్నెడు బియ్యం.