సజ్జ దిగిన సూట్‌కేసు

నన్ను కొన్నది విదేశాలకు తీసుకుపోవడానికే. ముందే ఈ మాట చెప్పుకోవాలి. గోదావరిఖనిలోని ఆ టీ2 క్వార్టర్‌లో ఏళ్ల తరబడి నన్ను చూసినవాళ్లంతా దుప్పట్లు దాచుకునే పెట్టె అనుకున్నారే తప్ప ప్రయాణాల దాన్నని ఒక్కరూ అనుకోలేదు.

నా పుట్టుకలో పెద్ద విశేషం లేదు. పాలీప్రొపిలీన్ గుళికలు కరిగించి అచ్చు పోశారు, నీలం రంగు ఇచ్చారు, కింద చక్రాలు బిగించారు. ఆ చక్రాలే నా గర్వం. అమెరికాలో బెర్నార్డ్ సాడో చక్రాల సూట్‌కేసుకు 1972లో పేటెంట్ పొందాడు. 1987లో రాబర్ట్ ప్లాత్ అనే విమాన పైలట్ దాన్ని నిలబెట్టి, పొడుగు హ్యాండిల్‌తో లాగే తీరు కనిపెట్టాడు. అంతకు ముందు మా జాతి బరువంతా మనుషుల భుజాల మీదే, కూలీల నెత్తి మీదే. నేను అట్లా ఎవరికీ భారం కానని అనుకునేదాన్ని.

మా ఇంటాయన సింగరేణి బొగ్గు సంస్థలో, పదకొండో గనిలో టింబర్‌మన్. బొగ్గు తీసినచోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. లాభాల వాటా చేతికొచ్చిన వారంలో భార్యను లక్ష్మీనగర్‌కు తోలుకొచ్చి నన్ను కొన్నాడు. "వచ్చే ఎండాకాలం సింగపూర్ పోదాం" అన్నాడు. ఆమె నా హ్యాండిల్ పట్టుకొని దుకాణంలోనే ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి చూసింది. ఆ నాలుగడుగులే చాలా ఏళ్లు నా ప్రయాణం.

ఆ ఎండాకాలం సెలవు పెడితే హాజరు మస్టర్లు తక్కువ పడతాయన్నాడు. మరుసటేడు కొడుకు ఇంజనీరింగ్ ఫీజు. ఆ తర్వాత బిడ్డ పెండ్లి. నన్ను సజ్జ మీదికి ఎక్కించారు. నా లోపలికి చలి దుప్పట్లు, పేస్లిప్పులు, మిగిలిన పెండ్లి పత్రికలు వచ్చి చేరాయి. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు సైరన్లు వినుకుంటూ పడున్నాను. ప్రయాణాలకని కంపెనీ ఇచ్చే ఎల్‌టీసీ పైసలు వచ్చినప్పుడల్లా ఆమె తలెత్తి సజ్జ వైపు చూసేది. ఆ పైసలకు అప్పటికే వేరే దారులు సిద్ధంగా ఉండేవి. ఆమె ఏమీ అనేది కాదు. నాకు కోపం వచ్చింది ఆయన మీదే. దుంగ పెట్టకపోతే కప్పు ఎప్పుడు కూలుతుందో తెలిసిన మనిషికి, ఇంట్లో ఒకరి ఆశ ఎంతకాలం నిలబడుతుందో తెలియదా?

పని చేసి అరిగిపోతే నాకు బాధ లేదు. నా చక్రాల పై పొర పాలీయురెథేన్. వాడినా వాడకున్నా గాలిలోని తేమ దాని అణువుల బంధాలను మెల్లగా తెంపుతూనే ఉంటుంది. దీన్నే జలవిశ్లేషణ అంటారు. అపురూపంగా దాచిన బూట్లు కొన్నేళ్లకు తొడిగిన రోజే అడుగు ఊడి పొడిపొడిగా రాలడం చూసే ఉంటారు, కారణం ఇదే. వేడి ఆ పనిని ఇంకా తొందర పెడుతుంది. మా రామగుండం ఎండల గురించి వేరే చెప్పాలా! సజ్జ మీద నేను లోపల్లోపల చివికిపోతున్న సంగతి ఎవరూ చూడలేదు. పైకి ఒక్క గీత కూడా పడలేదు మరి.

దిగిపోయే ఏడు దగ్గర పడిందని ఆమె లెక్క పెట్టుకుంటున్నప్పుడే, 2021లో సింగరేణిలో రిటైర్మెంట్ వయసు 60 నుంచి 61కి పెరిగింది. ఇల్లంతా సంతోషపడింది. ఆమె కూడా సంతోషపడింది. ఆ రాత్రి మాత్రం సజ్జ వైపు చూడలేదు.

చివరికి ఆయన దిగిపోయాడు. 2023 డిసెంబర్ 1 నుంచి మనవాళ్లు 30 రోజుల దాకా వీసా లేకుండా మలేసియా పోవచ్చన్నారు. కొడుకు టికెట్లు తీశాడు. నన్ను దించి తుడుస్తుంటే బకెట్లో నీళ్లు నల్లబడ్డాయి. "కొత్తది కొందామమ్మా" అన్నాడు కొడుకు. "దీన్ని కొన్నదే అందుకురా" అంది ఆమె.

కౌలాలంపూర్ విమానాశ్రయం నున్నటి నేల మీద నేను ఎంతో దూరం పోలేదు. ఒక చక్రం చిట్లింది, వెంటనే రెండోది. వెనక నల్లటి ముక్కలు బొగ్గు పలుకుల్లా రాలుతూ వచ్చాయి. ఆయన ఆగి, చుట్టూ చూసి, మోకాళ్ల మీద వంగి, ఒక్కో ముక్కా ఏరి జేబురుమాల్లో మూటకట్టాడు. పరాయి దేశంలో నేల ఖరాబు చేయొద్దని. తర్వాత నన్ను భుజానికెత్తుకున్నాడు. ఏ బరువు తప్పించడానికి పుట్టానో ఆ బరువే అయ్యాను. సిగ్గుతో చచ్చిపోయాను.

హోటల్ గది మధ్యాహ్నానికి గానీ ఇవ్వరు. టాక్సీ నడిపే అతను తెలుగువాడే. ముత్తాత ఉత్తరాంధ్ర నుంచి రబ్బరు తోటల పనికి వచ్చాడట. నన్ను డిక్కీలో పెట్టుకొనే బటూ కేవ్స్ పోయారు. అక్కడ 42.7 మీటర్ల బంగారు రంగు మురుగన్ విగ్రహం, పక్కన గుహలోకి 272 రంగుల మెట్లు. ఏళ్ల తరబడి బొగ్గు బాయి ఎక్కిదిగిన ఆయన మోకాళ్లు సగంలోనే మొరాయించాయి. ఆమె ఆగలేదు. "నువ్వు కూసో, నేను పోయొస్త" అని ఒక్కతే చివరిదాకా ఎక్కింది.

ఆయన కిందికి దిగొచ్చి డ్రైవర్‌తో మాటల్లో పడ్డాడు. "బొగ్గు బావిలో చేశారా? ఇక్కడా ఉండేదండీ, బటూ అరాంగ్‌లో" అన్నాడతను. ఇంక ఆయన కాలు నిలవలేదు. ఆమె రాగానే కారు అటు తిరిగింది. 1915లో మలయన్ కొలియరీస్ తవ్వడం మొదలుపెట్టి, 1960లో మూసేసిన ఊరది. నీళ్ల సీసా కోసం డిక్కీ తెరిచినప్పుడు నేనూ చూశాను: చెట్ల మధ్య పాత ఇటుక పొగగొట్టం, అంతే. 1937లో ఇక్కడ కార్మికులు పెద్ద సమ్మె చేశారని డ్రైవర్ చెబుతుంటే, 2011లో తెలంగాణ కోసం చేసిన సకల జనుల సమ్మెలో తామెట్లా బాయి దిగలేదో ఆయన చెప్పుకొచ్చాడు.

"మూసినంక ఆ మనుషులు యాడికి పోయిన్రు బిడ్డా?" అని అడిగింది ఆమె.

"కొందరు పట్నం పోయారమ్మా. కొందరు ఇక్కడే ఉండిపోయారు."

ఆమె ఆ పొగగొట్టం వైపు చాలాసేపు చూసింది. మా ఊళ్లోనూ ఒక్కో గని మూతపడటం చూసిన మనిషి కదా.

గదికి చేరేసరికి పొద్దు గూకుతోంది. ఆయన ఫోన్‌లో కొత్త సూట్‌కేసుల బొమ్మలు తిప్పుతున్నాడు. "దీన్ని ఈడనే ఇడిసిపెడదాం తియ్యి" అన్నాడు. అన్నేళ్ల సజ్జ కన్నా ఆ ఒక్క మాట నాకు ఎక్కువ తగిలింది. ఆమె వచ్చి నన్ను బోర్లా తిప్పింది, చక్రాల దగ్గర వేలు పెట్టి చూసింది. "నాలుగు మర మేకులే ఉన్నయి. ఇప్పితే ఊడొస్తయి. రేపు పొద్దున ముందు దీనికి చక్రాలు ఏపిద్దాం, ఆ జంట టవర్లు తర్వాత" అంది. ఆయన ఫోన్ పక్కన పెట్టి, చక్రాలు దొరికే దుకాణం ఎక్కడుందో అడగడానికి కింద కౌంటర్ దగ్గరికి పోయాడు.