మూడు పాయింట్ల గాలి

మధిర మనిషి పడవ కొంటానంటే ఊళ్లో మొదట వచ్చే ప్రశ్న ధర గురించి కాదు, బుద్ధి గురించి. ఊరి పక్కన వైరా ఏరు ఉన్న మాట నిజమే. మృత్యుంజయస్వామి గుడి దగ్గర నిలబడితే కనిపిస్తుంది కూడా. కాకపోతే వానాకాలంలో ఆ ఏట్లోకి దిగితే మనిషి దొరకడు, ఎండాకాలంలో దిగితే నీళ్లు దొరకవు. ఈ రెంటి మధ్య మిగిలే నాలుగు నెలల కోసం పన్నెండడుగుల గట్టి పడవ కొని, మిగతా ఏడాదంతా వరండాలో పడేసుకుని, వచ్చిన చుట్టాలందరికీ అదేమిటో విడమరచి చెప్పడం సంసారం చేసుకునేవాడి వల్ల అయ్యే పని కాదు.

అందుకే ఈ వ్యాసకర్త కన్ను గాలి నింపే కయాక్ మీద పడింది. గాలి తీస్తే సంచిలోకి, సంచి అటక మీదికి. కావాల్సిన రోజున ఆర్టీసీ బస్సెక్కి వైరా రిజర్వాయరు దాకా వస్తుంది. కండక్టరు లగేజీ టికెట్టు కొడితే కొట్టొచ్చు గానీ, పడవ ఎక్కించావని బస్సు ఆపడు.

సంగతి విన్న బావమరిది, "గాలి పడవా? తిరనాళ్లలో అమ్మే బాతుబొమ్మ లాంటిదా బావా?" అన్నాడు.

బాతుబొమ్మకు వంశచరిత్ర లేదు, గాలి పడవకు ఉంది. 1840ల్లో పీటర్ హాల్కెట్ అనే బ్రిటిష్ నౌకాదళ లెఫ్టినెంటు రబ్బరు పట్టించిన గుడ్డతో ఓ పైకోటు తయారుచేశాడు. తొడుక్కుంటే కోటు. జేబులోని చిన్న తిత్తితో ఊదితే కాసేపట్లో పడవ. చేతికర్రకు పలక తగిలిస్తే తెడ్డు, గొడుగు విప్పితే తెరచాప. ఒకచోట చిల్లు పడ్డా మునక్కుండా లోపల నాలుగు వేరువేరు గాలి గదులు పెట్టాడు. నౌకాదళం పెద్దలు చూసి మెచ్చుకుని, మా పనికి మాత్రం రాదని మర్యాదగా చెప్పి పంపేశారు. ఆర్కిటిక్ మంచుసీమల్లో తిరిగిన డాక్టర్ జాన్ రే హాల్కెట్ పడవను వెంట తీసుకెళ్లి ఏర్లు దాటాడు. మెచ్చుకున్నవాళ్లు కొనలేదు, అవసరమున్నవాడు వాడుకున్నాడు.

అంత దూరం పోనక్కర్లేదు. మన చెరువుల్లో లారీ ట్యూబు మీద కూర్చుని వల వేసే మనిషి హాల్కెట్‌కు దగ్గరి చుట్టమే. ఆ ట్యూబుకు ఖర్చు తక్కువ, నమ్మకం ఎక్కువ. ఒకటే చిక్కు: గుండ్రంగా ఉండేది నీళ్ల మీద తిరుగుతుంది తప్ప ముందుకు పోదు. కృష్ణలో తిరిగే పుట్టిదీ అదే తీరు. చేయి తిరిగినవాడు తెడ్డు వేస్తే దారిన పడుతుంది, మనలాంటివాడు వేస్తే ఉన్నచోటే ప్రదక్షిణం చేస్తుంది. కొల్లేరులో తాటిమానును తొలిచి చేసే దోనె ఇందుకు పూర్తిగా తలకిందులు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, ముక్కుసూటిగా పోతుంది. కయాక్ కొనేవాడు ముందు తేల్చుకోవాల్సింది ఇదే: తాను కొంటున్నది పుట్టికి దగ్గరా, దోనెకు దగ్గరా?

చిత్రమేమిటంటే, కొనేవాళ్లు ముందు చూసేది సీట్లు, తర్వాత రంగు. పొడవు ఎవరికీ పట్టదు. ఇంటెక్స్ వారి పసుపుపచ్చ ఎక్స్‌ప్లోరర్ కె2నే తీసుకోండి. ఇద్దరు కూర్చోవచ్చు, పొడవు 312 సెంటీమీటర్లు, వెడల్పు 91. లకారం చెరువు లాంటి చోట పిల్లల్ని ఎక్కించుకుని తిరగడానికి భేషుగ్గా ఉంటుంది. దాంట్లో ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుని అవతలి గట్టుకు బయల్దేరితే మాత్రం తెడ్డు వేసినప్పుడల్లా పడవ ముక్కు కుడికీ ఎడమకీ ఊగుతుంది. ఎవరో అడిగిన ప్రశ్నకు కాదని తల ఊపుతున్నట్టు ఉంటుంది ఆ నడక. అదే కంపెనీ ఎక్స్‌కర్షన్ ప్రో పొడవు 384. డెకాథ్లాన్ వారి ఇటివిట్ ఎక్స్500 పొడవు 380, వెడల్పు 64 మాత్రమే. ఇవి దోనె వంశం.

లెక్క కావాలన్నవాళ్లకు లెక్కా ఉంది. నీటిని తాకే పొడవు ఎన్ని అడుగులో దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే, పడవ సుఖంగా అందుకోగల గరిష్ఠ వేగం నాట్లలో వస్తుంది. పది అడుగులకు గంటకు 8 కిలోమీటర్లలోపు, పదమూడు అడుగులకు 9కి దగ్గర. మామూలు మనిషి ఎటూ గంటకు నాలుగైదు కిలోమీటర్లకు మించి తెడ్డు వెయ్యలేడు కాబట్టి ఈ తేడా కాగితం మీదిదే. అసలు తేడా నడకలో ఉంది. పొడుగు పడవ ఒక తోపుకు వీలైనంత దూరం సాగుతుంది, పొట్టిది ఆ తోపులో సగం పక్కకు తిరగడానికే ఖర్చు పెడుతుంది. వెనకవైపు అడుగున తగిలించే స్కెగ్ అనే చిన్న రెక్క ఈ దుబారాను చాలావరకు అరికడుతుంది. నిలకడ నీళ్లలో తిరిగే పడవ కొంటూ స్కెగ్ లేనిది ఎంచుకుంటే మిగిలేది ప్రదక్షిణమే.

తర్వాతి సంగతి గాలి బిగువు. మామూలు ట్యూబు కయాక్‌లో 1 నుంచి 3 పాయింట్లు, అంటే చదరపు అంగుళానికి మూడు పౌండ్లలోపు. మనిషి బరువుకు నడుము దగ్గర కిందికి కుంగి, ముక్కూ తోకా పైకి లేచి, అరటి పండు ఒంపు తిరుగుతుంది. డ్రాప్‌స్టిచ్ అనే రకంలో పై పొరకూ కింది పొరకూ మధ్య వేల దారాలు కుట్టి ఉంటాయి. ఎంత గాలి కొట్టినా ఉబ్బదు, పలకలా బిగుసుకుంటుంది. 8 నుంచి 10 పాయింట్లు తట్టుకుంటుంది. ఈ రకం గుడ్డతోనే 1956లో అమెరికాలో గుడ్‌ఇయర్ కంపెనీ గాలి నింపే విమానం చేసి నిజంగానే ఎగరేసింది. సైన్యం కొన్నేళ్లు పరీక్షించి వద్దంది. విమానానికి చిల్లు పడితే పర్యవసానం వేరు కదా. పడవకు చిల్లు పడితే ఈదుకుంటూ రావచ్చు.

ఈ పాయింట్ల సంగతి మాట్లాడటానికి వ్యాసకర్త పంక్చరు షాపుకు వెళ్లాడు. షాపాయన లారీ టైరుకు గాలి కొడుతున్నాడు. మీటరు నూరు దాటింది.

"పడవకు గాలి కొడతావా అన్నా?"

"ఎందుకు కొట్టను సారూ? ఎంత పెట్టాలి, ముప్పయ్యా?"

"మూడు."

ఆయన చేతిలో పైపు ఆగింది. పక్కన కూర్చున్న కుర్రాడివైపు ఓసారి చూశాడు. "మూడంటే నా మీటరు లేవను కూడా లేవదు సారూ. నేను చూసేలోపే మీ పడవ పేలుద్ది. నోటితో ఊదుకోండి." సలహా ఎగతాళిగా ఇచ్చినా విషయం నూటికి నూరుపాళ్లు నిజం. లారీ కంప్రెసరుకు కయాక్ ఒక్క దగ్గుకు సరిపోదు. సైకిలు పంపుతో కూర్చుంటే సాయంత్రమవుతుంది, ఆ పంపులో పట్టే గాలి అంత తక్కువ. తోసినా లాగినా గాలి పంపే డబుల్ యాక్షన్ చేతి పంపు, దానికో మీటరు, ఇవి పడవతోపాటే కొనాలి. ఎక్కడైతే ధర తగ్గించారో అక్కడ మీటరు ఉందో లేదో చూసుకోవాలి.

మీటరు మన దగ్గర మరీ అవసరం, ఎందుకంటే మనకు ఎండ ఉంది. తెల్లారి 27 డిగ్రీల దగ్గర 3 పాయింట్లు కొట్టి గట్టు మీద పెట్టి టిఫినుకు వెళ్లారనుకోండి. ఎండకు లోపలి గాలి 50 డిగ్రీలకు చేరితే బిగువు 4 దాటుతుంది, అంటే నలభై శాతానికి పైగా పెరుగుతుంది. ఇడ్లీ తిని వచ్చేసరికి కుట్టు విడిచిందంటే తప్పు ఇడ్లీది కాదు. ఆ పడవనే చల్లని నీళ్లలో దింపితే గాలి సర్దుకుని మెత్తబడుతుంది. అందుకే తెలిసినవాళ్లు ముందు కాస్త తక్కువ కొట్టి, నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, ఆ పైన మిగతాది పూర్తిచేస్తారు. మధ్యాహ్నం భోజనానికి గట్టెక్కితే కాస్త గాలి వదిలేస్తారు.

పుస్తకాలు, కంపెనీ కాగితాలు చెప్పనిది ఒకటుంది: సర్కారు తుమ్మ. చెక్ దేశపు గుమోటెక్స్ వారు నైట్రిలాన్ అనే రబ్బరు గుడ్డతో చేస్తారు, అమెరికా అడ్వాన్స్‌డ్ ఎలిమెంట్స్ వారు ముక్కుకూ తోకకూ లోపల అల్యూమినియం ఎముకలు పెడతారు. వీళ్లెవరూ మన చెరువుగట్టు చూసినవాళ్లు కాదు. రిజర్వాయరు నీళ్లు వెనక్కి తగ్గగానే ఒడ్డంతా తుమ్మ లేస్తుంది, దాని ముల్లు చెప్పు అడుగు దాటి పాదం దాకా వస్తుంది. కాబట్టి పలుచటి ఒంటిపొర పీవీసీని ఇక్కడ పక్కన పెట్టాల్సిందే. లోపల గాలి తిత్తి, పైన మందపాటి గుడ్డ తొడుగు ఉన్నవి, లేదా డ్రాప్‌స్టిచ్ లాంటి దట్టమైనవి నయం. గాలి కొట్టేముందు కింద మిరపకాయలారబోసే పట్టా ఒకటి పరవాలి. గాలి గదులు కనీసం మూడు ఉండాలి: రెండు పక్కలు, ఒక అడుగు. హాల్కెట్ దొర నాలుగు పెట్టాడని మరిచిపోవద్దు.

ఇక బయటి గాలి. లోపలి గాలి మన పక్షం, బయటిది ప్రతిపక్షం. గాలి పడవ నీళ్ల మీద తేలికగా, ఎత్తుగా కూర్చుంటుంది. కింద పట్టు తక్కువ, పైన అడ్డు ఎక్కువ. 1930లో పూర్తయిన వైరా రిజర్వాయరు మీద పొద్దున్నే అద్దంలా ఉన్న నీళ్లు పదిన్నరకు అల రేపితే, వెడల్పాటి పడవ మనం అనుకున్న గట్టుకు కాక తనకు నచ్చిన గట్టుకు పోతుంది. వెళ్లేటప్పుడు గాలికి ఎదురు వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు గాలి వాలున రావాలన్నది తెడ్డు పట్టే అందరికీ తెలిసిన పాఠం. ఓపిక ఉన్నప్పుడు కష్టం, ఓపిక అయ్యాక సుఖం.

ఎక్కడ తిరగాలన్నదీ కొనకముందే ఆలోచించుకోవాలి. వైరా, పాలేరు రిజర్వాయర్లు నిలకడ నీళ్లు. అక్కడ చేపల సొసైటీ వాళ్లను, నీటిపారుదల వాళ్లను అడిగి దిగాలి, వలలకు దూరంగా పోవాలి. కిన్నెరసాని నీళ్లు ఇంకా అందంగా ఉంటాయి గానీ అది అభయారణ్యం. అటవీశాఖ వాళ్ల అనుమతి సరే, అక్కడ మొసళ్లూ ఉన్నాయి. వాటికి డ్రాప్‌స్టిచ్‌కూ ఒంటిపొరకూ తేడా తెలియదు. సాగర్ ఎడమ కాలువ చూడటానికి నున్నగా, తిన్నగా ఉంటుంది, దాంట్లో మాత్రం దిగకూడదు. నీళ్లకు వేగం, గోడలకు లైనింగు ఉంటాయి, పట్టుకుని ఎక్కడానికి గడ్డిపోచ ఉండదు. భద్రాచలం గోదావరి వేసవిలో ఎంత సాధువుగా కనిపించినా, 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 53కు మూడోది ఎగరేసే నది అది. 1986లో 75 అడుగులు దాటింది. ఎక్కడ దిగినా ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉండాలి. పడవలో కాదు, ఒంటి మీద.

చివరికి సీట్ల పంచాయితీ వచ్చింది. ఒంటి సీటుదైతే తేలిక, వేగం. రెండు సీట్లదైతే సంసారపక్షం. "ఒక్కడివే పోయేదానికి ఇంత డబ్బెందుకు?" అని ఇంటావిడ అంది. "పోనీ నువ్వూ రా" అంటే, "నాకెందుకా నీళ్లల్లో" అంది. ఈ రెండు మాటలకూ సరిపోయే పడవ తయారీదార్లు నిజంగానే చేశారు: సీట్లు కదిపే రకం. ఇద్దరున్నప్పుడు ముందూ వెనకా, ఒక్కడే ఉన్నప్పుడు ఒక సీటు తీసేసి రెండోది మధ్యకు జరుపుకోవచ్చు. జరపలేని రెండు సీట్ల పడవలో ఒక్కడే వెనక కూర్చుంటే ముక్కు ఆకాశాన్ని చూస్తుంది, ప్రతిపక్షం వచ్చి దాన్నే పట్టుకుంటుంది. పెట్టె మీద 180 కిలోలు మోస్తుందని రాసినా, అందులో మూడింట రెండు వంతులకు ఆగితే పడవ పడవలా నడుస్తుంది.

అలా తేలింది జాబితా: పన్నెండడుగులు దాటిన పొడవు, కదిపే సీట్లు, డ్రాప్‌స్టిచ్ అడుగు, పక్కన గుడ్డ తొడుగు ట్యూబులు, స్కెగ్, మీటరున్న పంపు, ఒక మనిషి భుజాన వేసుకుని బస్టాండు దాకా నడవగలిగే బరువు. ఇంటావిడ మొత్తం చదివి ఒకే ప్రశ్న అడిగింది: "తడిది మడిస్తే బూజు పడుతుందిగా. మరి ఆరబెట్టేదెక్కడ?"

డాబా మీద. కానీ డాబాకు ముందే క్యాలెండరు ఉంది. ఫిబ్రవరి నుంచి మిరపకాయలు, ఏప్రిల్లో వడియాలు, మేలో మాగాయ ముక్కలు, ఆ తర్వాత వానలు. చర్చించగా కయాక్‌కు అక్టోబరు నుంచి జనవరి దాకా, అదీ నేరుగా ఎండ తగలకుండా వాటర్ ట్యాంకు నీడన, జాగా మంజూరైంది. రిజర్వాయర్లు నిండుగా ఉండి, ఎండ తగ్గి, పొద్దుటి గాలి నెమ్మదించే నెలలు సరిగ్గా అవే. ఆ సంగతి ఇంటావిడకు చెప్పబోతే, "నాకు తెలుసులే, సంక్రాంతి ముందు మాత్రం రెండు రోజులు అరిసెల పిండికి కావాలి" అంది.