అనంతానికి ఒక్క మిల్లీమీటరు తక్కువ

మంచి లెన్స్ కొనే స్తోమత లేనివాళ్ల కోసం లెన్స్‌కి తగిలించే ముక్కలు పుట్టాయి. వాటి కోసం మా ఇంట్లో బీరువా కింది సొరుగు ఖాళీ అయింది. అయిందంటే నేనే చేశాను. అందులోని మా ఆవిడ జాకెట్టు గుడ్డలు అటక ఎక్కాయి. ఆ సంగతి బయటపడ్డ దగ్గర్నుంచి, ఇంటికొచ్చే ప్రతి చిన్న అట్టపెట్టెనీ ఆవిడే విప్పుతోంది.

ఈ వస్తువులతో అసలు ప్రమాదం వాటి ధర. యాభై వేల లెన్స్ కొనాలంటే ఇంట్లో అడగాలి. ఏడెనిమిది వందల రింగుకి ఎవర్ని అడుగుతాం?

మొదట వచ్చింది వైడ్ యాంగిల్ కన్వర్టర్. కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్ ముందు మర తిప్పి బిగించాలి. దాని మీద 0.45ఎక్స్ అని రాసుంది. నాకు లెక్కలు వచ్చు, చిక్కల్లా అదే. 18ని 0.45తో హెచ్చవేస్తే 8.1. ఎనిమిది మిల్లీమీటర్ల లెన్స్, అదీ వెయ్యి రూపాయల్లోపు! మా మరదలి సీమంతానికి బంధువులందర్నీ ఒక్క ఫోటోలో పట్టేస్తానని ప్రకటించాను. పట్టేశాను కూడా. నాలుగు మూలలా నల్లటి చీకటి, మధ్యలో బంధువర్గం. నడిమధ్య కూర్చున్న దంపతులు బాగానే వచ్చారు. పక్కలకి పోయేకొద్దీ మనుషులు వంగారు, తెల్లచొక్కాలకి ఊదారంగు అంచులు మొలిచాయి, చిట్టచివర నిలబడ్డ పెద్దత్తయ్య ముఖం సాగి చెరిగిపోయింది. లెన్స్ చేసినవాళ్లు రంగులు విడిపోకుండా, అంచులు చెదరకుండా ఏ గాజు వెనక ఏ గాజు ఉండాలో లెక్కలు కట్టి పెట్టారు. ఆ లెక్కలో లేని గాజుల్ని నేను తీసుకెళ్లి ముందు అతికించాను. జూమ్ కాస్త తిప్పితే మూలల చీకటి పోతుంది. దాంతోపాటు ఇద్దరు బాబాయిలూ పోతారు.

"నాన్నా, ఫోన్లో పాయింట్ ఫైవ్ నొక్కితే అందరూ వస్తారుగా" అంది మా అమ్మాయి. నొక్కింది. వచ్చారు. ఇప్పుడు మరదలింట్లో గోడకున్నది ఆ ఫోటోయే.

అయినా ఆ కన్వర్టర్‌ని పూర్తిగా తిట్టలేను. వెనక ముక్క విడిగా ఊడి వస్తుంది. అదొక్కటే బిగిస్తే క్లోజప్ లెన్స్. దాంతో ఆవకాయ జాడీ అంచున నడిచే చీమ మీసాలు కూడా తీశాను, అబద్ధం కాదు. కానీ దాని మీద నాకిప్పుడు హక్కు లేదు. మాత్రల అట్ట మీద గడువు తేదీ చదువుకోడానికి మా అత్తగారు దాన్ని కళ్లజోడు పెట్టెలో దాచుకున్నారు. నేను కొన్నవాటిలో రోజూ పనికొస్తున్నది అదే.

ఇక మామగారి జెనిత్ సంగతి. ఆయన విశాఖ ఉక్కులో పనిచేశారు. సోవియట్ సాయంతో కట్టిన కర్మాగారం కనుక ఎనభైల్లో శిక్షణకని అటు వెళ్లారు. వస్తూ వస్తూ జెనిత్-ఇ కెమెరా తెచ్చుకున్నారు. దానికున్నది హీలియోస్ 44-2 లెన్స్, 58 మిల్లీమీటర్లు, ఎఫ్/2. జర్మన్ల జైస్ బయోటార్ నమూనాలో రష్యన్లు చేసింది. చెట్టు ముందు మనిషిని నిలబెట్టి తీస్తే మనిషి కదలకుండా ఉంటాడు, వెనక ఆకులన్నీ సుడి తిరుగుతాయి. ఆ సుడి కోసం లోకంలో కుర్రాళ్లు ఈ లెన్స్‌ల వేటలో ఉంటే, మా ఇంట్లో అది కలరా ఉండల పక్కన పడుంది.

దాని మరని ఎం42 అంటారు. నా కెమెరా నికాన్. రెంటికీ నడుమ సన్నటి రింగు ఒకటి తెప్పించి బిగించాను. లెన్స్ తగిలించలేదని కెమెరా తెర మీద పడింది. దాని తప్పేం లేదు, ఆ లెన్స్‌లో కబురు చెప్పడానికి చిప్ అంటూ ఉంటేగా. పక్కనే ఉన్న మామగారు "ఏమంటోందండీ?" అన్నారు.

"మీ లెన్స్‌ని గుర్తుపట్టలేదండీ."

ఆయన నావైపు ఒకసారి చూశారు. పెళ్లిచూపుల్లోనూ అలాగే చూశారు.

మాన్యువల్ మోడ్‌లో పెట్టి, వెలుతురు మనమే అంచనా కట్టుకుంటే పనిచేస్తుంది. పెరట్లో మందార చెట్టు ముందు మా ఆవిడని తీశాను. ఆకులు సుడి తిరిగాయి. ఆవిడ వెంటనే వాట్సాప్‌లో పెట్టుకుంది. జాకెట్టు గుడ్డల మాట కొన్నాళ్లు రాలేదు.

ఆ ధైర్యంతో ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి డాల్ఫిన్స్ నోస్ కొండకి గురిపెట్టాను. ఎంత తిప్పినా మసకే. లెన్స్ కూర్చునే చోటు నుంచి సెన్సార్ దాకా ఇంత దూరమని ప్రతి మౌంట్‌కీ ఒక కొలత ఉంటుంది. ఎం42కి 45.46 మిల్లీమీటర్లు, నా నికాన్‌కి 46.5. అంటే నా లెన్స్ ఉండాల్సినదానికంటే మిల్లీమీటరు ముందుకు ఉండిపోయింది. రింగు మందం దానికి అదనం. అంత చిన్న తేడాకే ఐదారడుగుల అవతల లోకమంతా అలుక్కుపోతుంది, ఫోటోవాళ్ల భాషలో అనంతం అందదు. క్యానన్ ఈఎఫ్ కొలత 44 కాబట్టి అందులో ఇలాంటి రింగే శుభ్రంగా పనిచేసేది. కెమెరా కొనేటప్పుడు నికానే తీసుకోమని పట్టుబట్టిన మిత్రుడితో ప్రస్తుతం మాటల్లేవు.

"దగ్గరున్నవాళ్లు కనబడితే చాల్లెండి. ఈ వయసులో దూరాన ఎవరున్నారని?" అంది మా ఆవిడ.

తర్వాత లోపల గాజు ఉన్న రింగు తెప్పించాను. అనంతం తిరిగొచ్చింది. కొండ మాత్రం హారతి పొగలో నిలబడినట్టు వచ్చింది. ఎఫ్/8కి బిగిస్తే కాస్త తేరుకుంది గానీ సుడి మాయమైంది. సుడే లేకపోతే హీలియోస్ ఎందుకు?

అంతలో డల్లాస్ నుంచి బావమరిది సోనీ మిర్రర్‌లెస్ కెమెరాతో దిగాడు. వస్తున్నాడని తెలిసి గొట్టం ఒకటి ముందే తెప్పించి ఉంచాను. సోనీ కొలత 18 మిల్లీమీటర్లే. ఎం42 లెన్స్‌కి ఇంకా 27.46 కావాలి. ఆ ఖాళీ నింపేదే ఈ గొట్టం. లోపల గాజు లేదు, చిప్ లేదు, తీగ లేదు. ఉన్నదంతా గాలి. గాలిలో నాసిరకం ఉండదు, వందలు పోసినా వేలు పోసినా ఒకటే గాలి. చవక గొట్టాలు కొన్ని కొంచెం కదులుతాయి, కొన్ని వెంట్రుకవాసి పొట్టిగా ఉండి అనంతాన్ని దాటిపోతాయి. దాటితే వెనక్కి తిప్పుకోవచ్చు, అందకపోతేనే గతి లేదు. మెనూలోకి వెళ్లి లెన్స్ లేకపోయినా షట్టర్ కొట్టుకోవచ్చని అనుమతిచ్చాం. కొండ నిలువునా తేటగా వచ్చింది. "బావా, నా లెన్స్ కంటే మావయ్యదే బాగుంది" అన్నాడు బావమరిది... కాదు కాదు, "మా నాన్నదే బాగుంది" అన్నాడు. సంతోషంలో నాకే వరసలు తప్పుతున్నాయి.

వాడు వెళ్లిపోయాడు, కెమెరాతో సహా. గొట్టం మిగిలింది. అది వృథా పోకూడదంటే దారి ఒక్కటే. సరైన సమయం చూసి మా ఆవిడతో, "ఈ గొట్టం వాడాలంటే వెనక తగిలించే ముక్క ఇంకొక్కటి కావాలి" అన్నాను.

"దాన్నేమంటారు?"

"బాడీ అంటారు."

ధర చూసింది. లోపలికెళ్లి వాళ్ల నాన్నని పిలుచుకొచ్చింది. ఆయన మాట్లాడకుండా గొట్టం నుంచి హీలియోస్‌ని విప్పి, జెనిత్‌కి తిప్పారు. రింగూ లేదు, గొట్టమూ లేదు, ఇట్టే కూర్చుంది. "రీలు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి అల్లుడుగారూ" అన్నారు.

కనుక్కుంటున్నాను. ఆ వెతుకులాటలోనే, కడిగిన రీలుని డిజిటల్ ఫోటోలుగా మార్చుకోడానికి మామూలు కెమెరా లెన్స్ ముందు బిగించే హోల్డర్ ఒకటి కనబడింది. పెద్ద ఖరీదేం కాదు. కాకపోతే అంత దగ్గర్నుంచి ఫోకస్ కుదరాలంటే నడుమ క్లోజప్ ముక్క ఉండాలి. అత్తగారు ఈపాటికి మాత్రలేసుకుని పడుకుని ఉంటారు.