తేదీ లేని మాట

నేను కరెంటు కారును. తెల్ల రంగు. 2022 ఉగాది నాడు కర్నూలులో షోరూము గేటు దాటి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు నలుపుకుంటూ రోడ్డెక్కాను. బానెట్ మీద పసుపు కుంకుమ బొట్లు, అద్దానికి బంతిపూల దండ. నన్ను కొన్న సారు డిగ్రీ కళాశాలలో ఫిజిక్స్ చెబుతారు. ఆ రోజు స్టీరింగు ముందు కూర్చోగానే ఆయన నా తెర మీద ఒక గడిని వేలితో తాకారు.

ఏసీ, పాటలు, దారి చూపే పటం, అన్ని గడులూ వెలుగుతున్నాయి. ఆ ఒక్కటి మాత్రం బూడిద రంగులో ఉంది. దాని మీద స్టీరింగు బొమ్మ, కింద చిన్న అక్షరాలతో ‘త్వరలో’ అన్న మాట. “వచ్చే అప్‌డేట్‌లో వచ్చేస్తుంది సార్. బండి ఇంటి ముందర నిలబడి ఉంటే చాలు, రాత్రికి రాత్రి ఎక్కేస్తుంది” అన్నాడు అమ్మిన కుర్రాడు. ఆ గడి కోసం సారు విడిగా నలభై వేలు కట్టారు. రసీదులో దానికి వేరే పద్దు కూడా ఉంది.

సారు ఆ డబ్బు సరదాకి కట్టలేదు. ఆయన అమ్మానాన్నలు మైదుకూరు పక్కన పల్లెలో ఉంటారు. శనివారం క్లాసులు అయ్యాక బయలుదేరి, ఆదివారం రాత్రికి తిరిగి వస్తాం. దారంతా 40వ నంబరు జాతీయ రహదారి. ఓర్వకల్లు రాతి గుట్టలు దాటుతుంటే, గని, శకునాల వైపు చేయి చూపించి, అక్కడ 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉందని, ఆ ఎండే కరెంటయి గ్రిడ్డులో కలిసి కొంత నా కడుపులోకి కూడా వస్తుందని పిల్లలకు చెబుతారు. ఆ తర్వాత నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు. అక్కడి నుంచి ఇంకో నలభై కిలోమీటర్లు పోతే కడప. పోయేటప్పుడు నా డిక్కీలో మందులు, పండ్లు. వచ్చేటప్పుడు బియ్యం మూట, పసుపు కొమ్ములు, అమ్మ కట్టిచ్చిన జొన్న రొట్టెలు.

సారుకు యాభై దాటాయి. రాత్రిపూట ఎదురు లారీల లైట్లు పడితే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఆ గడి వెలిగితే నేను గీతల మధ్య తప్పుకోకుండా నడుస్తాననీ, ముందు బండిని బట్టి నా వేగం నేనే తగ్గించుకుంటాననీ, అడ్డం ఏదైనా వస్తే నేనే బ్రేకు వేస్తాననీ కాగితంలో రాసి ఉంది. నిద్ర లేని ఆదివారం రాత్రి ఒక తోడు దొరుకుతుందని ఆయన ఆశ. ఆ తోడు కోసమే కట్టారు.

నాకేం చేతనవుతుందో నేనే చెప్పాలి. నా నొసట అద్దం వెనక ఒక కెమెరా ఉంది. ముందు బంపరులో రాడార్ ఉంది. కళ్ళు ఉన్నాయి, చూసినదాన్ని అర్థం చేసుకునే తెలివి ఇంకా ఎక్కలేదు. ఆ తెలివే సాఫ్ట్‌వేర్. ప్రపంచంలో కార్ల స్వయంచాలనను సున్నా నుంచి ఐదు వరకు మెట్లుగా లెక్కిస్తారు. రెండో మెట్టులో కారు స్టీరింగునూ వేగాన్నీ చూసుకుంటుంది కానీ, మనిషి కళ్ళు రోడ్డు మీదే ఉండాలి, బాధ్యత అంతా అతనిదే. ఐదో మెట్టులో మనిషితో పనే లేదు. నాకు ఇస్తామన్నది రెండో మెట్టు. సారుకు చూపించిన ప్రకటనలో మాత్రం డ్రైవరు చేతులు ఒళ్ళో పెట్టుకుని నవ్వుతున్నాడు.

పైగా మా సీమ రోడ్లు పుస్తకంలో రోడ్లు కావు. కోతలప్పుడు ఒక పక్క జొన్న కంకులు ఆరబోస్తారు, చుట్టూ రాళ్ళు పేర్చి పెడతారు. మలుపు దగ్గర ట్రాక్టరు లైటు లేకుండా ఎదురొస్తుంది. గీతలు ఒకచోట ఉంటాయి, పది కిలోమీటర్లు చెరిగిపోయి ఉంటాయి. మే నెలలో నలభై నాలుగు డిగ్రీల ఎండలో తారు మీద ఆవిరి లేచి ముందు దారే వణుకుతుంది. ఇంత కష్టమైన రోడ్డును నేర్చుకోవడానికి సమయం పడుతుందని నాకూ తెలుసు. ఆ మాట డబ్బు తీసుకునే రోజున చెప్పి ఉండాల్సింది.

మొదటి అప్‌డేట్ వర్షాకాలంలో వచ్చింది. సారు తెల్లవారుజామునే లేచి తెర వెలిగించారు. పాటల గడికి కొత్త రంగు వచ్చింది. బూడిద గడి అలాగే ఉంది. రెండో ఏడు గీత దాటితే ‘బీప్’ అనడం నేర్పారు. గీత దాటానని చెప్పగలను కానీ గీతలోకి తిరిగి రాలేను. మూడో ఏడు మరో అప్‌డేట్‌లో ‘త్వరలో’ అన్న అక్షరాలు కాస్త పెద్దవయ్యాయి. సారు ఫోన్ చేసిన ప్రతిసారీ ఒక కొత్త గొంతు, ఒక కొత్త ఫిర్యాదు నంబరు. ఆ నంబర్లన్నీ ఆయన డైరీలో వరుసగా రాసుకున్నారు. ఆ డైరీ నా డ్యాష్‌బోర్డు అరలోనే ఉంటుంది.

ఒక ఆదివారం ఆళ్లగడ్డ దాటుతుంటే అమెరికా నుంచి సారు తమ్ముడు ఫోన్ చేశాడు. గొంతు నా స్పీకర్లలోంచి వచ్చింది. అన్న బాధ విని, అక్కడి కథ చెప్పాడు. 2016 అక్టోబరులో టెస్లా ఇకపై తయారయ్యే ప్రతి కారులోనూ పూర్తి స్వయంచాలనకు కావలసిన పరికరాలన్నీ ఉంటాయని ప్రకటించింది. 2017 ముగిసేలోగా లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్కు దాకా కారు తనంతట తానే పోతుందని ఆ సంస్థ అధిపతి ఎలాన్ మస్క్ చెప్పారు. ఆ ఏడాది ఆ ప్రయాణం జరగలేదు. ఆ సౌకర్యం ధర మాత్రం పెరుగుతూ 2022లో 15,000 డాలర్లకు చేరింది, 2024లో 8,000కు దిగింది. అదే ఏడాది దాని పేరుకు ‘సూపర్‌వైజ్డ్’ అన్న మాట తగిలించారు, అంటే మనిషి కాపలా ఉండాల్సిందేనని. 2025 జనవరిలో, పాత కంప్యూటరు ఉన్న కార్లలో ఈ సౌకర్యం కొన్నవారికి ఆ కంప్యూటర్ మార్చక తప్పదని మస్క్ ఒప్పుకున్నారు. 2025 ఆగస్టులో కాలిఫోర్నియా కొనుగోలుదారుల తరఫున కలిపి ఒకే దావాగా నడపడానికి అక్కడి ఫెడరల్ జడ్జి అనుమతించారు.

“అంటే తొమ్మిదేండ్లు ఎదురుచూసినోళ్ళు ఉన్నారన్నమాట” అన్నారు సారు.

“ఉన్నారన్నా. కారు పాతబడి అమ్మేసుకున్నోళ్ళు కూడా ఉన్నారు. మాట మాత్రం ఇంకా కొత్తగానే ఉంది.”

ఆ టెస్లా 2025 జూలై 15న ముంబైలో మన దేశంలో తొలి షోరూము తెరిచింది. అప్పుడు మోడల్ వై ధర 59.89 లక్షల నుంచి మొదలైంది. స్వయంచాలన కావాలంటే పైన ఇంకో 6 లక్షలు అన్నారు. మనిషి లేని కార్లను మన రోడ్ల మీదికి రానివ్వబోమని, డ్రైవర్ల పొట్ట కొట్టలేమని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ అంతకు ముందే చెప్పి ఉన్నారు. మా సీమ నుంచి హైదరాబాదు, బెంగళూరు పోయి స్టీరింగు పట్టి బతికే పిల్లలు ఎంతమందో. ఆ మాటలోని కష్టం నాకు అర్థమవుతుంది. మరి దేశంలో ఇంకా దారి లేనిదానికి ముందే వెల కట్టి తీసుకోవడం ఎలాంటి న్యాయమో నాకు అర్థం కాదు.

ఈ చిక్కుముడిని విప్పింది ఏ ఇంజనీరూ కాదు, సారు వాళ్ళ నాయన. ఎనభై ఏళ్ళ పసుపు రైతు. ఒక సాయంత్రం కేసీ కాలువ గట్టు పక్కన నన్ను నిలిపి, చల్లగాలికి తండ్రీ కొడుకులు తలుపులు తెరిచి కూర్చున్నారు. సారు అలవాటుగా ఆ బూడిద గడిని తాకారు.

“ఏంది రా అది, పొద్దస్తమానం పొడుస్తాండావు?”

సారు చెప్పారు. పెద్దాయన అంతా విని, “నలభై వేలు యిచ్చినావు గదా, కాగితం మింద తేదీ రాసిచ్చినారా?” అన్నాడు.

“త్వరలో అని రాసినారు నాయనా.”

“త్వరలో అంటే తేదీనా? నా దగ్గర పది వేలు తీసుకున్నోనికి గూడా నేను నోటు రాయించుకుంటి. తేదీ వేపిస్తి, స్టాంపు అంటిపిస్తి, సంతకం పెట్టిపిస్తి. మూడేండ్లు నిండకముందే వాడు వచ్చి ఎనక చెల్లు ఏసి పాయె, ల్యాకుంటే తిరగరాసిచ్చె. నీకు మూడేండ్లు దాటె. చెల్లు ఏసింది యాడ?”

పెద్దాయన లేచి కాలువ వైపు చూపించాడు. “ఈ కాలువను చూడు. తెల్లోళ్ళ కంపెనీ తవ్వించిందంట మా తాతల నాడు. నీళ్ళు ఎప్పుడొదిలేది ముందే చెప్తేనే మేము నారు పోసుకునేది. నీళ్ళు త్వరలో వస్తాయంటే నారు పోస్తే ఎండిపోయేది మా నారే గదా.”

ఆయన చెప్పింది నిజమే. కర్నూలు-కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860ల్లో తవ్వించింది. సాగుకూ పడవలకూ రెండింటికీ అనుకున్న కాలువ అది. కంపెనీకి గిట్టుబాటు కాక, 1882లో ప్రభుత్వం కొనేసింది. ఇప్పుడు దాని మీద పడవలు లేవు, పొలాలకు నీళ్ళు మాత్రం పారుతున్నాయి. మా సీమ జనానికి మాటల బరువు తెలుసు. జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు కర్మాగారానికి 2007లో ఒకసారి, 2018లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన చూసినవాళ్ళు. రాయి ఎప్పుడు వేశారన్నది వాళ్ళు గుర్తు పెట్టుకోరు, పని ఎప్పటికి పూర్తవుతుందన్నదే అడుగుతారు.

ఆ రాత్రి తిరుగు ప్రయాణంలో చాగలమర్రి దాటాక జరిగింది చెప్పాలి. చీకటి. రోడ్డు మధ్యలో ఏదో బూడిద రంగు కదులుతోంది. నా కెమెరాకు ఆ ఆకారం అందింది, అది ఏమిటో చెప్పుకునే తెలివి నాకు లేదు. సారు నిద్ర మత్తులో ఉన్నారు. దూరంగా ఒక బీడీ నిప్పు వెలిగింది, ఆ వెంటే “హోయ్” అన్న కేక. సారు ఉలిక్కిపడి బ్రేకు తొక్కారు. నా ముందు బారెడు దూరంలో గొర్రెల మంద. కంబళి కప్పుకున్న కాపరి గడకర్ర అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఒక గొర్రెపిల్ల నా బంపరుకు ముక్కు ఆనించి వాసన చూసి వెళ్ళింది. సారు చేతులు స్టీరింగు మీద వణకడం నాకు తెలిసింది. ఆయన చాలాసేపు బండి కదిలించలేదు.

డబ్బు కట్టించుకుని ఇవ్వనిది నలభై వేల వస్తువు కాదు, ఆ బ్రేకు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర, రోడ్డు మీద పడి ఉన్న మోటార్ సైకిలును ఒక ప్రైవేటు బస్సు ఈడ్చుకుపోయి మంటలంటుకుని ఎన్ని ప్రాణాలు పోయాయో కర్నూలు ఇంకా మరిచిపోలేదు. చీకట్లో అడ్డంగా ఉన్నదాన్ని ఒక్క క్షణం ముందు చూడగలగడం ఎంత విలువైనదో ఇక్కడివాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. అందుకే దాన్ని అమ్మేటప్పుడు మాటకు తేదీ ఉండాలి. తేదీ చెప్పలేకపోతే డబ్బు తీసుకోకూడదు. తీసుకుంటే, మాట తప్పిన రోజున అడగకుండానే తిరిగి ఇవ్వాలి.

మరుసటి వారం సారు 1915కు ఫోన్ చేశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. తర్వాత తెలిసిన వకీలు దగ్గరికి వెళ్ళారు. ఆయన నా ముందు సీటులోనే కూర్చుని చట్టం చెప్పారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఇస్తామని డబ్బు తీసుకుని ఇవ్వకపోవడం సేవాలోపం. తప్పుదారి పట్టించే ప్రకటన మీద కూడా అడగవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌లో ఫీజు కూడా ఉండదు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే ఫిర్యాదు వేయవచ్చు. గడువు మాత్రం ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళు.

“కారణం పుట్టిన రోజేది?” అన్నారు సారు. “వాళ్ళు తేదీయే చెప్పలేదు కదా.”

“అదే కదా మనం కమిషన్‌కు చెప్పబోయేది” అన్నారు వకీలు. “ముందు వాళ్ళకు రాతలో అడుగుదాం, ఎప్పుడిస్తారో తేదీ చెప్పమని. ఆలస్యమైందంటే, తగిన కారణం చూపితే మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది.”

కంపెనీ జవాబు పన్నెండు రోజులకు వచ్చింది. ‘దశలవారీగా అందిస్తాం’ అని. అందులోనూ తేదీ లేదు. సారు ఆ జవాబునూ, రసీదునూ, ప్రకటన కాగితాన్నీ, డైరీలోని నంబర్లన్నిటినీ వరుసగా పెట్టి ఫిర్యాదు వేశారు. కోరింది రెండే: గడువు చెప్పి సౌకర్యం ఇవ్వాలి, లేదా వడ్డీతో డబ్బు ఇవ్వాలి.

ఈ శనివారం మళ్ళీ మైదుకూరు పోయాం. నంద్యాల దాకా సారు రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టారు. చీకటి పడకముందే ఇల్లు చేరేటట్టు బయలుదేరడం ఇప్పుడు ఆయన అలవాటు చేసుకున్నారు. ఇంటి ముందు ఆగగానే పెద్దాయన వచ్చి నా తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. సారు డ్యాష్‌బోర్డు అర తెరిచి, జిల్లా కమిషన్ నుంచి వచ్చిన కాగితం తీసి ఆయన చేతిలో పెట్టారు. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, అక్షరాలను వేలితో పట్టి పట్టి చూస్తూ కిందికి వచ్చి, ఒకచోట వేలు ఆపాడు.

“వాయిదా తేదీ రాసినారు” అన్నాడు.

నా విషయంలో తేదీ రాసి ఇచ్చిన మొదటి కాగితం అది. సారు దాన్ని మడిచి, డైరీలో పెట్టి, ఆ డైరీని మళ్ళీ నా అరలోనే దాచారు.