మా ఇంటి రాయబారం

మా మావయ్యగారిది తెనాలి. ఆ నీళ్లు తాగినవాళ్లకి మాటకంటే ముందు రాగం వస్తుందని ఆయన నమ్మకం. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ మొత్తం కంఠతా వచ్చు. రాయబారం సీను మా ఇంట్లో రోజూ నడుస్తుంది. కౌరవసభ ఉండాల్సిన చోట కూరగాయల బండి ఉంటుంది, అంతే.

కృష్ణుడు అయిదూళ్లడిగితే ఈయన కిలో వంకాయల మీద అయిదు రూపాయలు తగ్గించమంటారు. తువ్వాలు భుజాన సర్దుకుని, గొంతు సవరించి అందుకున్నారంటే ఆ రాగం వీధి మలుపు దాకా వెళ్లి వచ్చేలోపు బండి చుట్టూ జనం. బండబ్బాయి దుర్యోధనుడి కంటే గట్టివాడు, రూపాయి తగ్గించడు. కాకపోతే గుప్పెడు కరివేపాకు ఊరికే వేస్తాడు. బేరాలు బాగా సాగుతాయని రోజూ మా గుమ్మం ముందే ఆపుతాడు కూడా.

నా ఇబ్బందల్లా కుక్కరుతోనే. రంగస్థల నటుడు కల్యాణం రఘురామయ్యగారు నోట్లో వేలు పెట్టుకుని పద్యాన్ని ఈలగా పలికించేవారు. ‘ఈలపాట రఘురామయ్య’ అన్న పేరు అలా వచ్చిందే. 1975లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. మావయ్యగారు ఆయనకి వీరాభిమాని. నేను పప్పుకి విజిళ్లు లెక్కపెడుతుంటే హాల్లోంచి ఇంకోటి వినిపిస్తుంది. ఏది కుక్కరో, ఏది రఘురామయ్యో తేల్చుకునేసరికి పప్పు కాస్తా పాయసమవుతుంది.

అయినా ఆయన్ని ఆపమనను. కారణం ఉంది. ఆయనకి కోపం కూడా పద్యంలోనే రావాలి. మొన్న కరెంటు బిల్లు చూసి మా ఆయన గీజరు దగ్గర పేచీ పెట్టుకున్నారు. “ఈ వయసులో చన్నీళ్లు పోసుకోమంటావుట్రా?” అంటూనే మావయ్యగారు యుద్ధం తప్పదని హెచ్చరించే పద్యం ఎత్తుకున్నారు. పళ్లు కొరుకుతూ రాగం తీయడం ఎవరి తరం? పొట్టలోంచి ఊపిరి లాగాలి, పొదుపుగా వదలాలి. అంత చాకిరీ చేశాక తిట్టడానికి ఓపికెక్కడిది? పద్యం పూర్తయ్యేసరికి మొహంలో కోపం లేదు, చెమట ఉంది. మా ఆయన కూడా బిల్లు మరిచిపోయి, “చివర్లో శ్రుతి కాస్త తగ్గింది నాన్నా” అన్నారు.

అక్కడితో తెర పడాల్సిందే. ఇంతలో పై వాటా కుర్రాడు మెట్ల మీంచి “వన్స్ మోర్!” అని అరిచాడు.

నాటకాల రోజుల్లో ఆ మాట వినపడితే చచ్చిన పాత్ర కూడా లేచి, పద్యం పాడి, మళ్లీ పోయేదని చెప్పుకుంటారు. మావయ్యగారు మాత్రం ఊరుకుంటారా? తువ్వాలు సర్దుకున్నారు. గొంతు సవరించుకున్నారు. కోపం మాత్రం రావడం లేదు.

“ఒరేయ్, ఆ బిల్లు ఓసారి ఇటు చూపించు.”