‘చిన్న మార్పు ఒక్కటే’: టీకాతాత్పర్య సహితము

మూలము

వర్తకుడు: “తమ్ముడూ, సైటు అంతా బాగుంది. చిన్న మార్పు ఒక్కటే. లోగో కొంచెం పెద్దది చెయ్యి. మిగతా డబ్బులు లైవ్ అయ్యాక చూద్దాం.”

డెవలపరు: “అలాగే అన్నా. రేపటికల్లా అయిపోద్ది.”

అవతారిక

గుంటూరిలో ఆవకాయ, గోంగూర మున్నగు నిలువ పచ్చళ్ళను విక్రయించుచు, డల్లాసునందును న్యూజెర్సీయందును కాపురమున్న తెలుగువారి కంచములకు సైతము తన సరకును చేర్ప సంకల్పించిన యొక వర్తకుడు, ఏ సంస్థకును ఉద్యోగి గాక హైదరాబాదులోని తన అద్దెగదియే కార్యాలయముగా వెబ్‌సైట్లు నిర్మించి జీవించు ఒక ఫ్రీలాన్సరుతో, రాత్రి పదకొండు గంటల వేళ వాట్సాపున జరిపిన సంవాదమిది. మహాకావ్యముల యర్థము మనకు బోధపడకున్నను కవికి గాని మనకు గాని రొక్కనష్టము లేదు. ఈ రెండు సందేశముల యర్థము తప్పినచో ఒకరికి సొమ్మును వేరొకరికి నిద్రయు తప్పును. కావున నివి వ్యాఖ్యానార్హములు.

ప్రతిపదార్థము

తమ్ముడూ = ఓ నిపుణుడా; సైటు అంతా = ఫోనులో తెరచి చూచిన మొదటి పుట; బాగుంది = ఇంకను బావమరిదికి చూపలేదు; చిన్న = చెప్పుటకు చిన్నదియైన; మార్పు ఒక్కటే = రాబోవు మార్పులలో మొదటిది; లోగో = విజిటింగు కార్డు మీదినుండి ఫోనుతో తీసి పంపిన బొమ్మ; కొంచెం = మనసునకు తృప్తి కలుగువరకు; పెద్దది చెయ్యి = స్పష్టార్థము; మిగతా డబ్బులు = అడ్వాన్సు పోగా రావలసిన ప్రతిఫలము; లైవ్ అయ్యాక = సైటు లోకమునకు గోచరమైన పిమ్మట; చూద్దాం = ఉత్తమపురుష బహువచనము; చూచువారిద్దరు, ఇచ్చువాడు వాక్యమున కానరాడు.

అలాగే = వింటిని (తెలిసికొంటినని యర్థము గాదు); అన్నా = ఓ బకాయిదారుడా; రేపటికల్లా = నేడు గాని యొక దినమున; అయిపోద్ది = దానంతట అది పూర్తియగును. ‘ఎల్లుండికల్లా’ యని పాఠాంతరము గలదు, అర్థభేదము లేదు.

విశేషములు

‘పెద్దది చెయ్యి’ యనుచోట వాచ్యార్థమును గ్రహించినవాడు చెడును. వర్తకుని అసంతృప్తి నిజమునకు పరిమాణమును గూర్చినది గాదు. తన తండ్రి పేరు గల ఆ ముద్ర తెరమీద మసకగా నుండుటచే ఆయన మనసు చివుక్కుమన్నది. వాట్సాపులో ఛాయాచిత్రముగా పంపిన బొమ్మ దారిలోనే కుదింపబడును. దానిని పెంచిన కొలదియు మసకయే పెరుగును. కార్డు అచ్చువేయించిన డీటీపీ కేంద్రమున కోరల్‌డ్రా ఫైలు భద్రముగా నుండిన, దానిని డాక్యుమెంటుగా పంపినచో ఎంత పెంచినను చెదరని రేఖలు లభించును. కావున క్లయింటు కొలత చెప్పక కొఱత చెప్పవలెను. డెవలపరు ‘అలాగే’ యనుటకు ముందు ‘ఎందుకు’ అని యడుగవలెను.

‘చిన్న’ శబ్దమును గూర్చి ఒక శంక. మార్పు చిన్నదో పెద్దదో నిర్ణయించువాడెవడు? కోరువాడని పూర్వపక్షము. అది నిలువదు. మీటకు ఎరుపు పోయి పసుపు రావలెనన్న క్షణము చాలును. ‘అమెరికాకు కూడా పంపుదాం’ అను మూడు మాటలకు మాత్రము, తూకమును బట్టి రవాణా ఖర్చు, డాలర్లలో చెల్లింపు, విదేశీ చిరునామాల రూపము మొదలుగా బుట్ట యంతయు తిరిగి అల్లవలసివచ్చును. కావున పని మొదలిడకమున్నే ఎన్ని పుటలు, ఏ యే సౌకర్యములు, ఎన్ని విడతల సవరణలు ఈ ధరలో నిమిడియున్నవో వ్రాసికొని, ఆపైని కోరికకు ప్రత్యేక మూల్యమును నిశ్చయించుకొనుటయే సిద్ధాంతము.

‘అయిపోద్ది’ యనునది కర్తను దాచు క్రియ. నిజమునకు అయిపోవుటకు అడ్డులు పెక్కు: పచ్చళ్ళ వర్ణనలు డీటీపీవారు వాడు ‘అను’ ఫాంటులలో కూర్పబడి వచ్చినవి. వానిని యూనికోడునకు మార్చనిదే సైటున అవి తెలుగు గాక పిచ్చిగీతలగును. ఆహారపదార్థములమ్ముటకు కావలసిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి 14 అంకెల సంఖ్య ఇంకను రాలేదు. పేమెంట్ గేట్‌వే వారు పాన్ కార్డును, బ్యాంకు ఖాతాను, సరకు తిరిగి తీసికొను నియమములను అడుగుదురు. ఆ నియమములను వర్తకుడు తన మనసులో సైతము ఏర్పరచుకొని యుండలేదు. ఇవన్నియు ఎరిగియు డెవలపరు ‘రేపు’ అనుట మొగమాటము చేత. ఆ రేపు తప్పినప్పుడు నింద వచ్చునది మాత్రము తనకే. ఏ పని యెవనిది, ఏ తేదీకి, అది రానిచో తరువాతి తేదీలు ఎన్ని దినములు జరుగును అని పట్టికగా వ్రాసినచో క్రియకు కర్త దొరకును.

ఇక ‘చూద్దాం’. 1957 నాటి మన కాపీరైటు చట్టమున కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్యకృతులలో పరిగణింపబడినది. అనగా అద్దెగదిలోని మన డెవలపరు చట్టరీత్యా గ్రంథకర్త, వర్తకుడు కృతిభర్త. అయితే కృతిభర్త పైకమిచ్చినంత మాత్రమున కృతి యతని సొత్తు గాదు: ఉద్యోగి గాని కర్త వ్రాసిన ప్రోగ్రాముపై తొలిహక్కు, వేరొప్పందము లేనిచో, కర్తదే, అది చేతులు మారుటకు కర్త సంతకము గల పత్రముండవలెను. తుది విడత పైకము చేరిన దినముననే హక్కులు బదిలీ యగునని వ్రాసికొన్నచో, ఇరువురికిని తొందరపడుటకు సమానమైన కారణము దొరకును. మూడవ వంతు ఆరంభమున, మూడవ వంతు నమూనా యొప్పిన పిమ్మట, మిగిలినది సైటు లైవ్ అగుటకు ముందు: ఇట్లు పంచుకొన్న ‘చూద్దాం’ అను మాటకు చోటుండదు. ధర్మము ఏకపక్షము గాదు గనుక డొమైనును, హోస్టింగును డెవలపరు తన పేర గాక వర్తకుని పేర, వర్తకుని ఈమెయిలుతోనే కొనిపించి, తాళపుమాటలను అప్పగింపవలెను. లేనిచో గడువు నాటికి చేయవలసిన డొమైను పునరుద్ధరణ ఒక అలుక నాటికి మరుగున పడి, దుకాణమే అదృశ్యమగును.

తాత్పర్యము

ఈ సంవాదమున వంచనతో పలికిన అసత్యమొక్కటియు లేదు. వక్తలిరువురును సజ్జనులు, పరస్పర ప్రేమ గలవారు. చెడుగు వారిలో లేదు, వారు చెప్పక విడిచిన దానిలో నున్నది. ధ్వని కావ్యమునకు ఆత్మయని ఆలంకారికులు నిర్ణయించిరి. ఒప్పందమున నదియే ప్రాణాంతకము. క్లయింటునకును ఫ్రీలాన్సరునకును పొత్తు కుదురవలెనన్న వారి వ్రాతయందు వాచ్యార్థము తప్ప వేరర్థము మిగులరాదు. ‘అన్నా, తమ్ముడూ’ అను పిలుపులు వాట్సాపున యథేచ్ఛగా సాగవచ్చును. పని పట్టికయు, తేదీలును, పైకపు విడతలును మాత్రము ఇరువురి సంతకములతో ఒక పుటపై నుండవలెను.

ఫలశ్రుతి

దీనిని పని మొదలిడక పూర్వము పఠించిన వర్తకునకు సంక్రాంతి గిరాకీ నాటికి సైటు సిద్ధమగును. డెవలపరునకు బకాయి వసూలగును. పని చెడిన పిమ్మట పఠించువారికి వ్యాకరణజ్ఞానము మాత్రము కలుగును.