మాకలాంటివేం లేవండీ

అమెరికాలో మనవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు జాతివివక్ష అన్న మాటే వినపడదు. 'స్కూల్ రేటింగ్ ఎంత?' అంటారు. 'కమ్యూనిటీలో మనవాళ్ళున్నారా?' అంటారు. 'హైవేకి అటువైపు మాత్రం వద్దులే' అంటారు. అటువైపు ఏముందని ఎవరైనా కొత్తగా దిగిన కుర్రాడు అడిగాడే అనుకోండి, ఇంటాయన కిటికీ వైపోసారి చూసి, గొంతు తగ్గించి, 'నల్లోళ్ళు' అంటాడు. ఇంట్లో ఉన్నవాళ్ళంతా తెలుగువాళ్ళే, మాట్లాడేదీ తెలుగే. అయినా గొంతు తగ్గుతుంది. తప్పని తెలుసు కాబట్టే తగ్గుతుంది. తప్పు మానేయడం కన్నా వాల్యూమ్ తగ్గించుకోవడం తేలిక కదా.

'నిన్నెవరైనా ఏమైనా చేశారా బాబూ?' అని అడిగి చూడండి. చేయలేదు. రూమ్మేటు ఫ్రెండు దగ్గర గ్యాస్ స్టేషన్లో ఫోను లాక్కుపోయారట. ఏ ఊళ్ళో, ఏ ఏడాది? తెలీదు. ముప్పయ్యేళ్ళ హోమ్ లోను మాత్రం ఆ ఫోను కబురు మీదే నిలబడింది.

1976లో హామిల్టన్, గిఫర్డ్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఒక చిన్న ప్రయోగం చేశారు. ఎ, బి అని రెండు ఊహాజనిత గుంపులు. బి గుంపు గురించి చెప్పిన సంగతులు తక్కువ. మంచి పనులు, చెడ్డ పనులు మాత్రం రెండు గుంపుల్లోనూ ఒకే నిష్పత్తిలో ఉన్నాయి. అయినా చదివినవాళ్ళు చెడ్డ పనుల్ని అసలు లెక్క కన్నా ఎక్కువగా బి గుంపుకే అంటగట్టారు. అరుదుగా కనిపించే మనిషి, అరుదుగా జరిగే చెడు ఒకేచోట తారసపడితే బుర్ర ఆ రెంటికీ ముడిపెట్టేస్తుంది. పాపం, వాళ్ళకి ఆ గుంపుల మీద ముందుగా ఏ అభిప్రాయమూ లేదు. మనమో, ఫెయిర్ అండ్ లవ్లీ రాసుకుని విమానం ఎక్కినవాళ్ళం.

మరి ఆఫీసులో మీ నల్లజాతి మేనేజరు సంగతేమిటి? 'ఆయన వేరండీ, చాలా డీసెంటు.' ఒక దొంగ దొరికితే జాతి మొత్తం దొంగలు, ఒక పెద్దమనిషి దొరికితే ఆయనొక్కడే పెద్దమనిషి. ఇంత పకడ్బందీ లెక్కలో నష్టం రమ్మన్నా రాదు.

ఇక ఆఫీసువాళ్ళు పెట్టే వివక్ష నివారణ శిక్షణంటారా, అదీ అయింది. వీడియో మ్యూట్ చేసి, నెక్స్ట్ నొక్కుతూ పోయి, క్విజ్ జవాబులు పక్క సీటువాణ్ణి అడిగి, నూటికి నూరు తెచ్చుకున్నాడు మనవాడు. మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు, సమాన హోదాలో, ఒకే పని కోసం, పైవాళ్ళ మద్దతుతో కలిసి మెలిసి ఉంటే ఈ జబ్బు తగ్గుతుందని. అంటే పిల్లాడి బర్త్‌డేకి వాడి క్లాసులోని నల్లపిల్లాణ్ణీ వాళ్ళ అమ్మానాన్నల్నీ పిలవాలన్నమాట. క్విజ్‌లో ఆ ప్రశ్న రాలేదు.

ఈ జబ్బుకి మనవాళ్ళూ బలయ్యారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఓలేతలో ఒక తెల్లవాడు 'నా దేశం వదిలి పొండి' అని అరిచి ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద కాల్పులు జరిపితే, ఒకరి ప్రాణం పోయింది. వాళ్ళను ఇరానీలనుకున్నాడు వాడు. ఆ రోజుల్లో మనవాళ్ళ నోట వినపడ్డ బాధల్లో ఇదొకటి: 'అయ్యో, పొరపాటు పడ్డాడు.' నిజంగా ఇరానీలే అయ్యుంటే గురి సరిగ్గా కుదిరిందనేవాళ్ళమా?

'మేం వాళ్ళం కాదు' అనే ఈ తెలివి మనకి పాతదే. అప్పట్లో వలస వచ్చినవాళ్ళలో అమెరికా పౌరసత్వం తెల్లవాళ్ళకీ ఆఫ్రికా సంతతివాళ్ళకీ మాత్రమే. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, తాను అగ్రకులపు ఆర్యుణ్ణి కాబట్టి తెల్లవాణ్ణేనని సుప్రీంకోర్టు దాకా వాదించాడు. పెళ్ళి విషయంలో అమెరికన్ నల్లవాణ్ణి ఎలా చూస్తాడో, తమ అగ్రకులాలవాళ్ళు భారతదేశపు ఆదివాసుల్ని అలాగే చూస్తారని ఆయన తరఫు వాదనపత్రంలో రాసుకున్నారు. 'మేమూ మీలాగే ఛీకొట్టగలం, మమ్మల్ని కలుపుకోండి' అని దరఖాస్తు! 1923లో కోర్టు ఏకగ్రీవంగా తేల్చింది: సామాన్య తెల్లవాడి కంటికి నువ్వు తెల్లవాడివి కావు, పో.

మనకి తలుపు బార్లా తెరిచింది 1965 వలస చట్టం. దేశాలవారీ కోటాలు ఎత్తేసిన ఆ చట్టం పౌరహక్కుల ఉద్యమం పుట్టించిన వేడిలో వచ్చింది. ఆ ఏడాది మార్చిలోనే సెల్మా అనే ఊరి వంతెన దగ్గర నల్లవాళ్ళు ఓటు కోసం నడిచి పోలీసు లాఠీలకు తలలు పగలగొట్టించుకున్నారు. మన గ్రీన్‌కార్డూ, గృహప్రవేశం నాటి పాలపొంగూ ఆ తలలకు బాకీ. అప్పిచ్చినవాడు ఎదురుపడితే కారు తలుపులు లాక్ చేసుకునేవాణ్ణి మాత్రం నేనిక్కడే చూశాను.

థింద్ వకీలు మాత్రం అసలు కిటుకు పట్టుకున్నాడు: ఈ వివక్ష బయటపడేది పెళ్ళి దగ్గరే. ముప్పై దగ్గరపడుతున్న కూతురితో అమ్మ ఫోన్లో అంటుంది: 'కులం లేదు, మతం లేదు, మేం చాలా ఫార్వర్డు. ఎవర్నైనా తీసుకురామ్మా. తెల్లవాడైనా సరే.'

'నల్లవాడైతే?'

'శుభమా అని మాట్లాడుకుంటుంటే ఆ మాటలేమిటే! అమ్మమ్మకసలే బీపీ.'